పురుగుల సారు ఒప్పుకున్న తప్పు

సారు పోయారన్న కబురు కార్డు మీద వచ్చింది. కొత్తకోటలో నేనుంటున్న ఇంటి ముందు పోస్టుమాన్ చేతిలోంచి అందుకుని, చదువుకుంటూ లోపలికి రాబోతుంటే మా అమ్మ ఆపింది. నా మొహం చూసే ఆమెకు తెలిసిపోయింది.

"చావు కబురా? ఇంట్లకు తేకు. ఆడనే సదివి చింపెయ్యి" అంది.

వాకిట్లో నిలబడి మళ్ళీ చదివాను. సారు భార్య చేతిరాత. సారు శుక్రవారం పొద్దున కాలం చేశారనీ, వారం నుంచి ఛాతీలో నొప్పి అంటున్నారనీ, నాకు తప్పకుండా రాయమని ముందే చెప్పిపెట్టారనీ నాలుగు ముక్కలు. చివర, "బీరయ్యకు కూడా కబురు పంపినాను" అని ఉంది. నేను కార్డు చింపలేదు. మడిచి చొక్కా జేబులో పెట్టి, బావి దగ్గరికి పోయి నెత్తిన నీళ్ళు పోసుకున్నాను.

ఆయన నాకు బడిలో చదువు చెప్పిన సారు కాదు. పంటల మీది పురుగులనూ, ఆ పురుగులు బతికే మొక్కలనూ పరిశీలించే సర్కారు ఉద్యోగి. చదువుకున్నవాళ్ళు శాస్త్రవేత్త అనేవారు. భువనగిరికి ఆరు మైళ్ళ అవతల, మేమిద్దరం నాలుగు వానకాలాలు గడిపిన ఊళ్ళో మాత్రం ఆయన పుర్గుల సారు. నేను అదే ఊరికి గ్రామసేవకుణ్ణి. బ్లాకు ఆఫీసు నుంచి వచ్చే ఎరువులు, విత్తనాలు, పురుగుమందులు రైతుల చేలకు చేర్చడం నా పని. ఇక బీరయ్య ఎవరో చెప్పాలంటే ఒక రోజు సంగతంతా చెప్పాలి. ఆ రోజు గురించి నేనింతవరకు ఎక్కడా రాయలేదు. సారు ఉండగా రాయడానికి మొహం చెల్లలేదు.

ఆయన మొదటిసారి ఊళ్ళోకి వచ్చినప్పుడు పోచంపల్లి దారిలో బస్సు దిగి నడిచి వచ్చారు. సన్నగా పొడుగ్గా ఉండేవారు. పాలమూరు వైపు రైతుల ఇంట పుట్టిన మనిషి. ఖాకీ లాగు మోకాళ్ళ దాకా మడిచి, కళ్ళద్దాలు జారిపోకుండా తల వెనుక దారంతో కట్టుకునేవారు. భుజాన కాన్వాసు సంచి, అందులో గాజు గొట్టాలు. ఆయన నడుస్తుంటే అవి గలగలమనేవి. ఒక సాలెల ఇంట్లో వెనుక గది కిరాయికి తీసుకున్నారు. మగ్గం చప్పుడుకు ఇబ్బంది అవుతుందేమోనని ఇంటాయన అడిగితే, "పగలు నేను ఇంట్ల ఉంటే గద!" అన్నారు.

నిజమే, పొద్దంతా చేలల్లోనే. గట్టు మీద బోర్లా పడుకుని గడ్డిలోకి చూస్తూ పూట గడిపేవారు. దోమతెర గుడ్డతో కుట్టించుకున్న వల ఒకటి ఉండేది. దాన్ని పూల మీద ఆడించి, పడినవాటిని గొట్టాల్లోకి దింపి, కాగితం ముక్క మీద ఏదో రాసి అంటించేవారు. ఎండా వానా పట్టేది కాదు. పక్కన మనుషులున్నారన్న సంగతీ పట్టేది కాదు. కలుపు తీసే ఆడవాళ్ళ మధ్యలోంచి నడిచిపోయినా ఒక్కరినీ పలకరించేవారు కాదు. పొగరు కాదది. కళ్ళు ఎప్పుడూ ఆకుల మీదే ఉండేవి. "సారూ, మేం గూడ మిడుతలమైతే మాతోని మాట్లాడుతుంటివి" అని ఒకామె పెద్దగా అంటే చేను చేనంతా నవ్వింది. సారు వినలేదు.

నాకు మాత్రం చాలా చెప్పారు. ఆ ఊరి ఎర్రచెల్కల్లో, వాన మీదే పండే ఎర్రనేలల్లో, ఆముదమే ప్రధానం. ఆముదం అమ్మితేనే ఇంట్లోకి బట్టలు, బెల్లం. దానికి శత్రువు దాసరి పురుగు. నడుము విల్లులా వంచి వంచి నడుస్తుంది. పట్టిందంటే ఆకు ఈనెలు తప్ప మిగలదు. ఒకరోజు సారు అలాంటి పురుగునొకదాన్ని నా అరచేతిలో పెట్టి భూతద్దం ఇచ్చారు. పురుగు కింద, తోక వైపు, సజ్జగింజంత గోధుమరంగు గూడు అంటుకుని ఉంది.

"పురుగు బతికే ఉన్నది చూడు. గాని ఇంక తినదు. దీని కడుపుల చీమంత కందిరీగ గుడ్డు పెట్టింది. ఆ పిల్ల లోపలనే పెరిగి, బయటికొచ్చి, గూడు కట్టుకున్నది. పురుగును ఎట్ల సంపాల్నో తర్వాత నేర్చుకుందువు గాని తమ్మీ. అది ఇప్పటికే ఎవరి చేతిల సస్తున్నదో ముందు చూడు."

ఆ చిన్న కందిరీగలకు తేనె కావాలి. ఆముదం చేలో వాటికి దొరికేది తక్కువ. గట్ల మీద పూసే తుమ్మి, తంగేడు, గడ్డిచామంతి దగ్గరికి పోతాయి. ఏ గట్టు మీద ఏం పూస్తుందో, ఆ గట్టుకు ఎంత దూరంలో పురుగు తగ్గుతుందో సారు ఊరి మొత్తానికి ఒక పటం గీశారు. "చేను రైతుది. గెట్టు ఎవరిది? దాని మీద బతికేటి అందరిది" అనేవారు. ఆ అందరిలో ఎవరెవరున్నారో మా ఇద్దరిలో ఎవరమూ పూర్తిగా ఆలోచించలేదు.

నేనక్కడ పని చేసిన నాలుగో ఏడు పురుగు విపరీతంగా పడింది. అంతకుముందటి ఏడాది వానలు లేక జొన్న కూడా పండలేదు. ఆ ఏడు ఆముదం పోతే కొన్ని కుటుంబాలు ఊరు విడిచి పోవలసిందే. చేలోకి పోతే పురుగులు ఆకు తినే చప్పుడు వినబడేది. రైతులు పొద్దున లేస్తూనే నా వాకిట్లో కూర్చునేవారు. బ్లాకు నుంచి కొత్త మందు వచ్చింది. ఎండ్రిన్. అంతకుముందు మేం చల్లిన పొడి మందుల్లాంటిది కాదు. నీళ్ళలో కలిపి పంపుతో కొట్టాలి. వాసనకే తల తిరిగేది.

సారు ఎనిమిది రోజులు ఆగమన్నారు. పురుగుల్లో చాలావాటికి గూళ్ళు కనబడుతున్నాయనీ, కందిరీగలు అందుకుంటున్నాయనీ, ఇప్పుడు మందు కొడితే ముందు చచ్చేవి అవేననీ చావడి ముందు నిలబడి చెప్పారు. పటేలు నెమ్మదిగా అడిగాడు: "ఎన్మిది రోజులల్ల ఆకు మిగుల్తదా సారూ? మిగుల్తదని మాటిస్తవా?"

"మాటియ్యలేను" అన్నారు సారు.

అబద్ధమాడలేని ఆ మనిషి మీద రైతులకు జాలి కలిగిందేమో గాని నమ్మకం కలగలేదు. మందు కొట్టడానికే నిర్ణయమైంది. అప్పుడు సారు నావైపు తిరిగి, చేలల్లో కొడితే కొట్టుకొమ్మనీ, గట్లు మాత్రం ముట్టవద్దనీ అడిగారు. సరేనన్నాను. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. నేను మందు కలిపే కొలతల గురించి ఏదో పొరపాటుగా చెప్పబోతే, అంతమంది ముందు, "నీ చేతికి డబ్బా ఇచ్చిండ్రు గాని కండ్లియ్యలే" అన్నారు. ఎవరో నవ్వారు. నాకప్పుడు ఇరవై అయిదేళ్ళు. ఆ మాట గుండెలో ములుకులా ఉండిపోయింది.

మరునాడు సాయంత్రం బ్లాకు ఆఫీసరు జీపులో వచ్చారు. తిన్న చేలోంచి పురుగులు గట్లు దాటి పక్క చేలకు పోతుండడం చూశారు. "గట్లు ఎందుకు వదిలిపెట్టినవ్? రేపు పొద్దుటికి అవి కూడా అయిపోవాలె" అని నా మీద కేకలేసి పోయారు. సారుకు ఇచ్చిన మాట ఆయనకు చెప్పవచ్చు. చెప్పలేదు. పోనీ సారు గదికి పోయి సంగతి చెప్పవచ్చు. అదీ చేయలేదు. పై అధికారి ఆజ్ఞ అని నాకు నేను చెప్పుకున్నాను గాని, లోపల ఉన్నది ఆ నవ్వు. ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది.

తెల్లవారగానే ఇద్దరు కూలీలను వెంటబెట్టుకుని వాగు ఒడ్డు నుంచి చెరువుకట్ట దాకా పొడుగాటి గట్టంతా మందు కొట్టించాను. మందు కొట్టే ముందు ఊళ్ళో డప్పు చాటించాలి. డప్పు కొట్టే మనిషి పక్క ఊళ్ళో పెళ్ళికి పోయాడు. రైతులకు ఎలాగూ తెలుసు కదా అనుకున్నాను. గొర్లు కాచేవాళ్ళు ఊళ్ళో ఉండరని, వాళ్ళకు ఎవరూ చెప్పి ఉండరని నాకు తోచలేదు.

బీరయ్య గొర్ల కాపరి. ఊరికి దూరంగా బీడులో మందను పెట్టుకుని, భార్య కొమురవ్వతో అక్కడే గుడిసె వేసుకున్నాడు. చేలల్లో పంట ఉన్న ఆ నెలల్లో మందకు మేత అంటే గట్ల మీది గడ్డే.

తొమ్మిది గంటలప్పుడు సారు గట్టు మీదికి వచ్చారు. నేను ఆముదం చెట్ల చాటు నుంచి చూశాను. నాలుగడుగులు వేసి ఆగిపోయారు. వంగి ఆకు వాసన చూశారు. ఇప్పుడు వెతుక్కుంటూ వచ్చి తిడతారు, నేనూ ఓ మాట అంటాను అని కాచుకుని ఉన్నాను. ఆయన రాలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, పూల కింద రాలిన కందిరీగలను సన్నటి పట్టకారుతో ఒక్కొక్కటే ఏరి గొట్టాల్లో వేయడం మొదలుపెట్టారు. నేలంతా జల్లెడ పట్టినట్టు వెతుకుతున్నారు. నేను చూస్తూ నిలబడ్డాను. అలా ఎంతసేపు గడిచిందో తెలియదు.

గట్టు పల్లం వైపు నుంచి కేక వినబడింది. మాటలు లేని కేక. అది బీరయ్యదని తర్వాత తెలిసింది.

మేము ఉరికేసరికి మంద గట్టు మీద చెల్లాచెదరుగా ఉంది. కొన్ని గొర్లు కాళ్ళు బిగదన్ని మెడ వెనక్కి విరుచుకుని కొట్టుకుంటున్నాయి. కొన్నింటికి నోట నురుగు. చూడి గొర్రె ఒకటి లేచి రెండడుగులు వేసి, మళ్ళీ పడి, మళ్ళీ లేచింది. బీరయ్య ఒకదాని దగ్గర నుంచి ఇంకోదాని దగ్గరికి పరుగెత్తుతూ వాటి నోళ్ళు తెరిచి వేళ్ళతో గడ్డి తీస్తున్నాడు. కొమురవ్వ కుండెడు చింతపండు పులుసు తెచ్చి విరుగుడుగా వాటి నోళ్ళలో పోస్తోంది. ఊరి జనం చేరారు. సారు సాలె ఆయనను సైకిలు మీద భువనగిరి పశువుల దవాఖానకు తరిమి, ఇంకా గట్టు ఎక్కని గొర్లను వెనక్కి మళ్ళించడానికి చేతులు చాపుకుని పరుగెత్తారు. ఆయన సంచిలో గొట్టాలు పగిలిన చప్పుడు నాకు వినబడింది.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి సగం మంద నేల మీద ఉంది, కదలకుండా. దవాఖాన నుంచి ఇంకా ఎవరూ రాలేదు.

అప్పుడు నా జీవితంలో అన్నింటికన్నా నీచమైన క్షణం వచ్చింది. పటేలు నా దగ్గరికి వచ్చి అడిగాడు: "గ్రామసేవక్, రోగమా ఏంది?"

నాతో మందు కొట్టిన కూలీలిద్దరూ నా మొహం చూస్తున్నారు. వాళ్ళు నోరు విప్పరు.

"రోగం కావచ్చు" అన్నాను.

రోగంతో పడ్డ గొర్రెను పారేసుకునేంత కలిగిన ఊరు కాదది. ఏడాదిగా కరువు. "సరిగ్గ ఉడకబెట్టుకుంటే ఏంగాదు" అని ఒక ముసలాయన అన్నాడు. కత్తులు వచ్చాయి. గంపలు వచ్చాయి. బీరయ్య తలకు చేతులు పెట్టుకుని కూర్చున్నాడు, ఎవరినీ ఆపలేదు, ఎవరికీ ఇవ్వనూ లేదు. ఒక గొర్రె కాళ్ళు కట్టి చర్మం కోయడం మొదలుపెట్టారు. ఆ మాంసం ఆ పూట యాభై ఇళ్ళలో ఉడుకుతుంది. నాకది తెలుసు. తెలిసి నిలబడ్డాను. ఒక్క మాట చెప్పాలి. చెబితే నన్ను బతకనివ్వరని భయపడ్డాను.

సారు గట్టు అవతలి నుంచి వస్తూ కత్తులు చూశారు. పరుగున వచ్చి, కోస్తున్న మనిషిని భుజం పట్టి వెనక్కి లాగి, ఆ గొర్రె మీద కాళ్ళు వెడల్పు చేసి నిలబడ్డారు.

"ఎవ్వరు ముట్టొద్దు! ఇది రోగం గాదు. మందు. గెట్టు గడ్డి మీద మందు పడ్డది. ఈ మాంసం తింటే మనుషులు పోతరు!"

పటేలు అడిగాడు: "నీకెట్ల ఎరుక సారూ?"

"పొద్దుగాల్నే చూసిన."

బీరయ్య తలెత్తాడు. నెమ్మదిగా లేచాడు. "నా మంద గెట్టెక్కకముందా, ఎక్కినంకనా?"

"ముందే. గంటసేపు ముందే చూసిన."

"గంటసేపు ముందు చూస్తివి. మల్ల నాకెందుకు జెప్పకపోతివి? నా గుడిసె కనబడ్తనే ఉండె గద. గా గంట నువ్వేం జేస్తున్నవ్ సారూ?"

సారు గొంతు సన్నగా వచ్చింది. "సచ్చిన కందిరీగలను లెక్కబెడుతున్న. లెక్క అయినంక ఊళ్ళెకు పోయి చెప్దామనుకున్న. నీ మంద నాకు యాదికి రాలే బీరయ్యా. గెట్ల మీద బతికేటోళ్ళందరి పేర్లు రాసుకున్న. నిన్ను రాసుకోలే. తప్పు నాది."

నా పేరు ఆయన ఎత్తలేదు. గట్టు మీద మందు కొట్టింది నేనేనని ఆయనకు తెలియదా? నా కాళ్ళ మీద మందు మరకలున్నాయి. ఆయన ఒక్కసారి అటు చూసి కళ్ళు తిప్పుకున్నారు కూడా.

బీరయ్య చేతిలోని గొర్రెల కట్టె లేచింది. ఒక్క దెబ్బ. సారు కుడి భుజం మీద పడింది. ఆయన ఒరిగారు గాని గొర్రె మీది నుంచి జరగలేదు. చేయి అడ్డం పెట్టుకోలేదు. కొమురవ్వ గుప్పెడు మన్ను తీసి ఆయన మొహాన కొట్టింది. రెండో దెబ్బకు కట్టె లేస్తుంటే నా నోరు తెరుచుకుంది. ధైర్యం వచ్చి కాదు. ఇంక నిలబడలేక.

"కొట్టింది నేను. మందు కొట్టింది నేను. సారు వద్దన్నడు. డప్పు సాటియ్యలే. రోగమని అబద్ధం జెప్పింది గూడ నేనే."

నన్నెవరూ కొట్టలేదు. కొడితే తేలికగా ఉండేది. కొమురవ్వ నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె చేతులు ఇంకా చింతపండు పులుసుతో తడిగా ఉన్నాయి.

"మందు కొట్టినవ్, సరే. రోగమని ఎట్లంటివి బిడ్డా? గా కూర మా పిల్లలు తినకపోదురా? నీ తల్లికి జెప్పుకుంటవా గీ మాట?"

మా అమ్మకు నేను ఇప్పటికీ చెప్పలేదు. ఈ రాతతో తెలుస్తుంది.

సాయంత్రం దాకా గుంట తవ్వాం. మొదట పార పట్టింది సారే. కుడి చేయి లేవక ఎడమ చేత్తో తవ్వుతుంటే పటేలు వచ్చి పార లాక్కున్నాడు. చచ్చిన గొర్లన్నింటినీ, చర్మం కోసినదాన్ని కూడా, పూడ్చి పైన ముళ్ళకంప వేశాం. అయినా ఆశకొద్దీ ఎవరైనా తవ్వుతారేమోనని సారుకు బెంగ. రెండు పగళ్ళూ రాత్రులూ ఆ గుంట పక్కనే గొడుగు వేసుకుని కూర్చున్నారు. రెండో రోజు మధ్యాహ్నం బీరయ్య వచ్చి కొంత దూరంలో కూర్చున్నాడు. పొద్దు వాలేటప్పుడు బీరయ్య లేచి, తన గొంగడి సారు పక్కన పడేసి పోయాడు. "వాన పడేటట్టున్నది" అన్నాడట, అంతే.

బ్లాకు ఆఫీసు నుంచి, గొర్లు రోగంతో పోయాయని రాసి పంపమని నాకు కబురు వచ్చింది. సారును అడిగాను. "నీ ఇష్టం తమ్మీ. నేనైతే ఉన్నదే రాసిన" అన్నారు. తన కాగితాల్లో ఆయన రాసింది తర్వాత చూశాను. మందు ఎవరు కొట్టారన్నది ఒక వాక్యం. తాను చూసి కూడా కాపరికి చెప్పకపోవడం అయిదారు వాక్యాలు. ఆ నివేదిక చదివిన పై అధికారులు ఇది పరిశోధనా, తప్పు ఒప్పుకోవడమా అని ఎగతాళి చేశారని విన్నాను. నేనూ ఉన్నదే రాశాను. నన్ను పాలమూరు జిల్లాకు, ఈ కొత్తకోట వైపు బదిలీ చేశారు.

నేను ఊరు విడిచే లోపల జరిగిన సంగతి మరొకటి ఉంది. సారు వారం రోజులు కనబడలేదు. ఆ తర్వాత ఒక లారీ మీద నుంచి అయిదు గొర్రెలతో దిగారు. పాలమూరులో తండ్రిని అడిగి ఇంటి మందలోంచి తెచ్చారు. తోలుకుపోయి బీరయ్య గుడిసె ముందు కట్టేస్తే బీరయ్య మొహం తిప్పుకున్నాడు. "నాకొద్దు. సారు గొర్లు నా మందల కలువయ్" అన్నాడు. అవి మూడు రోజులు గుడిసె ముందు గుంజకే ఉన్నాయి. సారు రోజూ పోయి గడ్డి కోసి వేసేవారు, కోసే ముందు ఆ గడ్డిని తానే నమిలి చూసేవారు. నాలుగో నాడు కొమురవ్వ తాడు విప్పింది. "జీవాలేం పాపం జేసినయ్?" అని మొగుణ్ణి కసిరి మందలోకి తోలింది.

ఆముదం సంగతి అడుగుతారేమో. మందు కొట్టిన చేలల్లో పురుగు నాలుగు రోజులు చచ్చింది, నెల తిరిగేసరికి మళ్ళీ పడింది. మందు అందక మిగిలిన ఒక మూల చేనులో తొలి ఆకంతా పోయి, మళ్ళీ చిగురు వేసి, మలి గెలలు పండాయి. చూశారా సార్, మీరన్నదే నిజమైందని నేను జాబు రాస్తే, ఒక్క ఏడుతో ఏదీ తేలదనీ, తేలిందనుకోవడం తొందర అనీ జవాబు రాశారు. ఆ రోజు ఏరిన కందిరీగల గురించి ఆయన ఏ పత్రికలోనూ రాయలేదు. పగలకుండా మిగిలిన గొట్టాలను ఆయన గదిలో చూశాను. మిగతా అన్నింటి మీదా పురుగు పేరు, మొక్క పేరు ఉండేవి. వాటి మీద మాత్రం బీరయ్య, కొమురవ్వ అని రాసి ఉంది.

ఆ తర్వాత నేను సెలవుల్లో భువనగిరి పోయినప్పుడల్లా ఆయన వెంట వేరే ఊళ్ళ చేలకు పోయేవాణ్ణి. మనిషిలో ఒక మార్పు వచ్చింది. ఏ చేను ముందుకు పోయినా గట్టు కింద ఆగి, "ఎవరున్నరు చేన్ల?" అని గట్టిగా కేక వేసేవారు. ఎవరైనా పలికితే వాళ్ళ దగ్గరికే ముందు పోయేవారు. ఆ పక్క ఏ మంద మేస్తున్నదీ, ఏ పిల్ల ఆకుకూర ఏరుతున్నదీ, నీళ్ళు ఎక్కడ తాగుతున్నదీ అడిగేవారు. వల తీయడం ఆ తర్వాతే. ఎవరూ పలకకపోతే రెండోసారి పిలిచేవారు. కలుపు ఆడవాళ్ళిప్పుడు ఆయనతో ఎంత మాట్లాడేవారంటే, "సారు మాటలల్ల పడి మా సాలు వెనుకవడ్డది" అని నవ్వేవారు.

కుడి భుజం సరిగా నయం కాలేదు. చలికాలంలో పీకేది. చొక్కా వేసుకునేటప్పుడు పెదవి కరుచుకునేవారు. దవాఖానలో ఎలా తగిలిందని అడిగితే, "పని చేస్తుంటే తగిలింది" అన్నారని ఆయన భార్య చెప్పింది.

ఆఖరిసారి ఆయనను చూసింది పోయిన వేసవిలో, భువనగిరిలో వాళ్ళింట్లో. కోట గుట్ట వేడికి ఊరంతా ఉడికిపోతోంది. చాలా చిక్కిపోయారు. నేను ఇన్నేళ్ళుగా మోస్తున్నది అప్పుడు అడిగాను. ఆ రోజు అందరి ముందు నా పేరు ఎందుకు చెప్పలేదని. నా మీద దయతోనా అని.

"దయ గాదు తమ్మీ. నీ పేరు చెప్తె వాళ్ళు నీ మీదికి పోతరు. గా సందుల నేను తప్పించుకుంట. అది నాకు ఎరుకైంది. ఎవరి తప్పు వాళ్ళు చెప్పుకునేదాక ఆగాల్నని ఊకున్న. నువ్వు చెప్పకపోయినా నేను నీ పేరు చెప్పకపోదును." నావైపు చూసి, "నువ్వు చెప్పినవ్. ఆ దినం నాకు అదొక్కటే మంచిగనిపించింది" అన్నారు.

పదో దినానికి భువనగిరి పోయాను. వాకిట్లో టెంటు కింద చదువుకున్నవాళ్ళు కుర్చీల్లో కూర్చుని సారు పరిశోధన గురించి మాట్లాడుతున్నారు. బీరయ్య వెనుక గోడ నీడలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. కొమురవ్వ నిరుడే పోయిందట. నన్ను గుర్తుపట్టి పక్కకు జరిగి జాగా ఇచ్చాడు. ఇద్దరం ఒకే వరుసలో కూర్చుని తిన్నాం.

"ప్రతి ఏడాది గొర్లు ఈనంగనే వచ్చేటోడు" అన్నాడు బీరయ్య. "ఎన్ని పిల్లలు అని అడుగడు. అన్ని మంచిగున్నయా అని అడుగుతడు. కొమురవ్వ పోయిన్నాడు గూడ వచ్చిండు. ఈ చేత్తోని పాడె పట్టిండు." తన కుడి భుజం తట్టి చూపించాడు. "నేను కొట్టిన చెయ్యే. వద్దన్న ఇనలే."

కొంతసేపటికి, "మందకాడికి పోవాలె. వస్తవా?" అన్నాడు.

బస్సు దిగి ఇద్దరం నడిచాం. ఆ ఊరికి నేను మళ్ళీ పోవడం అదే మొదలు. వానలు పడి చెల్కలు పచ్చగా ఉన్నాయి. కొడుకు చేతిలో నుంచి మందను అందుకుని బీరయ్య దాన్ని వాగు ఒడ్డు గట్టు వైపు తోలాడు. గట్టు నిండా తంగేడు పూసి ఉంది. సన్నటి కందిరీగలు పూల మీద ముసురుకుంటున్నాయి. గొర్లు గడ్డి వాసనకు తోసుకుంటూ ముందుకు ఉరికాయి.

బీరయ్య వాటికి ఎదురుగా పోయి, కట్టె అడ్డం పెట్టి ఆపాడు. వంగి గట్టు అంచున గుప్పెడు గడ్డి తెంపాడు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఒక పోచ నాలుక మీద పెట్టుకున్నాడు. మంద మొత్తం ఆయన ముందు మెడలు చాచి, అరవకుండా, ఆయన మొహం వైపే చూస్తూ నిలబడి ఉంది.